గవ్వగాడి నోట్లో కర్ర

నేను ఒక గుదికర్రను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కంచె దాటి పరాయి చేలో పడే పశువు మెడకు, మోకాళ్ల దాకా వేలాడేటట్టు ఒక దుంగ కడతారు. నడిస్తే ఏమీ కాదు. పరిగెత్తితే ముందుకాళ్లకు తగులుతుంది. ఆ దుంగనే నేను. మనుషులు గిట్టనివాళ్లను తిట్టుకోవడానికి కూడా మా పేరే వాడతారు. వాడుకోనీ.

పుట్టుకకు తుమ్మకొమ్మను. ఈ ఇంటి యజమాని ఎర్రినాయుడి తండ్రి బాడిసతో చెక్కి, కాల్చిన చువ్వతో కన్నం పెట్టి తాడు దూర్చాడు. వాళ్ల ఆవు దొంగమేతలు మేసేది. దాని మెడలో చాలాకాలం ఉన్నాను. తర్వాత అడిగినవాళ్లకల్లా అరువిచ్చారు. మేకల మెడల్లో ఉన్నాను, ఒక పొగరుబోతు దూడ మెడలో ఉన్నాను. నేను ఎవరినీ కొట్టలేదు. అవి పరిగెత్తాయి, నేను తగిలాను. చివరికి పశువులపాక చూరులో దోపి మరిచిపోయారు. అక్కడ హాయిగా ఉండేది.

ఇంతలో గవ్వగాడు వచ్చాడు. నల్లకుక్క, నుదుటిమీద గవ్వంత తెల్లమచ్చ. మనుషులు వస్తే మొరగడు. దొంగ వచ్చినా తోక ఊపుతాడేమో. పెరట్లో ఏదైనా కదిలితే మాత్రం వాడికి ఒళ్లు తెలియదు. మునగచెట్టు మీద ఉడత, దడి మీద తొండ, గడ్డివాము కింద ముంగిస, ఏదైనా సరే. చెవులు నిక్కుతాయి, తోక దగ్గరనుంచి మూతి దాకా వణుకు, గొంతులో కూనలాగా ఒక మూలుగు. నేను చూరులోంచి చూసేవాణ్ని. నాకు చూస్తేనే ఆయాసం వచ్చేది.

ఎర్రినాయుడు మాటల్లో పొదుపు మనిషి. పెళ్లాం దాలమ్మతో 'ఊ', 'ఆ' తప్ప అనడు. కుక్కతో మాత్రం అన్నీ చెబుతాడు. చేలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, సంతలో ఎవరు కనబడ్డారు, నడుం ఎక్కడ నొప్పి, అన్నీ. దాలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అవన్నీ వినేది. మొగుడి కబురు ఆమెకు కుక్కమీదుగానే అందేది. మనుషులు నన్ను విచిత్రమైన వస్తువంటారు.

పక్కింటి అసిరమ్మ కోళ్లు దడి సందులోంచి వచ్చేవి. గవ్వగాడు వాటిలో రెంటిని చంపాడు. తినలేదు. తెచ్చి ఎర్రినాయుడి కాళ్ల దగ్గర పెట్టి, మెచ్చుకుంటాడని నిలబడ్డాడు. మిగిలినవాటిలో ఒక ఎర్రపుంజు ఉంది. అది ఉత్త పుంజు కాదు. మనవడికి జ్వరం తగ్గితే అమ్మవారికి ఇస్తానని అసిరమ్మ మొక్కుకుని, దాని కాలికి పసుపుగుడ్డ కట్టింది. జ్వరం తగ్గింది. పండగ వచ్చేదాకా పుంజు బతకాలి.

ఆమె వచ్చి పెరట్లో నిలబడి, మొక్కు పుంజుకి ఏమైనా అయితే పిల్లాడికి మళ్లీ ఏం ముంచుకొస్తుందోనని ఏడ్చింది.

"ఆ పుంజు గాని సస్తే, ఈణ్ని గోనెలో ఎట్టి ఏటవతల ఒగ్గేస్తానప్పా" అన్నాడు ఎర్రినాయుడు.

తక్కువ మాట్లాడేవాడి మాటకు బరువెక్కువ. దాలమ్మ ఆ సాయంత్రమే చూరులోంచి నన్ను లాగి, దుమ్ము దులిపి, పాత తాడుతోనే గవ్వగాడి మెడకు కట్టింది.

వాడు మొదట ఉడత వెంట పడ్డాడు. నేను మోకాళ్లకు తగిలాను. మళ్లీ పడ్డాడు, మళ్లీ తగిలాను. కాళ్లు వాచాయి. తర్వాత పడుకుండిపోయాడు. కోళ్లు వాడి మూతి ముందే గింజలు ఏరుకునేవి. వాడు లేచేవాడు కాదు, వణికేవాడు. ఆ వణుకు తాడుమీదుగా నాకు తెలిసేది. ఎర్రినాయుడికి ఆ కుక్క మొహం చూడబుద్ధి కాలేదు. వాడితో మాట్లాడటం మానేశాడు. ఇల్లు మూగదైపోయింది. దాలమ్మ ఊరికే గిన్నెలు చప్పుడు చేసేది.

ఒక ఉదయం పుంజు దడి దాటి వచ్చింది. గవ్వగాడు లేచాడు. నన్ను ఒకసారి చూశాడు. ఒంగి, నోట కరుచుకుని, పరుగెత్తాడు. ఏ ఆవుకూ రాని తెలివి. నేను గాలిలో పోతున్నాను, ఎవరికీ తగలడం లేదు.

పుంజు గడ్డివాము మూలకు చిక్కింది. వాడు దాని ముందు నిలబడి చొంగ కారుస్తూ వణికాడు. పట్టడానికి నోరు ఖాళీ లేదు. పుంజు వాడి ముక్కుమీద పొడిచింది.

అసిరమ్మ కేకలేస్తూ వచ్చింది. పుంజు బతికే ఉందని దాలమ్మ చూపించింది.

"కర్ర ఉన్నాది కాబట్టి బతికింది. రేపు తాడు తెగితే ఏటి సేస్తావే?" అంది అసిరమ్మ.

ఎర్రినాయుడు గోనె తెచ్చాడు. మెడతాడు పట్టి లాగాడు. చూరులో ఏళ్లతరబడి చివికిన తాడు, తెగింది. వాడి నోట్లోంచి నేను జారి నేలమీద పడ్డాను.

అందరూ ఆగిపోయారు. పుంజు ఎదురుగా ఉంది. గవ్వగాడి మెడ ఖాళీ, నోరు ఖాళీ. వాడు పుంజును చూశాడు. కింద ఉన్న నన్ను చూశాడు. ఒళ్లంతా వణుకుతోంది. ఒంగి నన్ను మళ్లీ నోట కరుచుకుని, అప్పుడు పుంజు వెంటపడ్డాడు. అది ఎగిరి దడి దాటింది. వాడు తోక ఊపుతూ తిరిగొచ్చాడు.

ఎందుకు ఎత్తుకున్నాడో నాకు తెలియదు. వేటంటే నోట్లో కర్ర ఉండాలని అనుకున్నాడేమో.

అసిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "కొరికేసినోడికి కర్రముక్కే కోడైపోనాది" అని వెళ్లిపోయింది. ఎర్రినాయుడు గోనె మడత పెట్టాడు. "ఒరే, నడుం పట్టేసిందిరా" అన్నాడు కుక్కతో. దాలమ్మ నూనె కాచడానికి లేచింది.

అప్పటినుంచి నాకు తాడు లేదు, విశ్రాంతీ లేదు. పొద్దస్తమానం వాడి నోట్లోనే. పంటిగాట్లతో సగమయ్యాను. పుంజు రోజూ వచ్చేది, వాడు రోజూ తరిమేవాడు. వాళ్లిద్దరికీ అదొక అలవాటైపోయింది.

పండగ వచ్చింది. అసిరమ్మ పుంజుకు నీళ్లు పోసి, బొట్టుపెట్టి, అమ్మవారి దగ్గర కోయించింది. మనసు మంచిది, దాలమ్మకు గిన్నెడు కూర పంపింది. ఎముకలు గవ్వగాడికి వేశారు. శుభ్రంగా తిన్నాడు. తిని, మూతి నాక్కుని, నన్ను నోట కరుచుకుని దడి దగ్గరకు పోయి నిలబడ్డాడు. పుంజు ఇంకా రాలేదని మూలిగాడు.

ఎండ నెత్తికెక్కింది. నేను చొంగతో బరువెక్కాను. వాడు నన్ను దించలేదు.