తలకట్టు

‘కన్ను’లో న-కారానికి పొట్ట నింపుతుండగా కుంచె మళ్ళీ జారింది. పొద్దుట్నుంచి ఇది మూడోసారి. పెయింటరు అటూ ఇటూ చూసి, ఎవరి కంటా పడలేదని రూఢి చేసుకున్నాక వంగి తీసుకున్నాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ తనవి కానట్టే ఉన్నాయి. తెల్లారగట్ల చొక్కా బొత్తాలు ఎడమచేత్తో పెట్టుకుంటే ఒకటి తప్పి ఒకటి పడ్డాయి. సరిచేసే ఓపిక లేక అలాగే పనికి వచ్చేశాడు.

అది చర్చి వెనక, సమాధుల వైపు తిరిగిన గోడ. శరీరం ఒక్కటే, అవయవాలు ఎన్నో అని బైబిలు వాక్యంలో ఉన్న సంగతిని అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయించాలని పాస్టరుగారికి ఎప్పట్నుంచో కోరిక. మాటలు ఆయనే కట్టి కాగితం మీద రాసిచ్చారు. ‘కన్ను చేతితో నీతో నాకు పని లేదు అనకూడదు. తల కాళ్ళతో మీతో నాకు పని లేదు అనకూడదు.’ కాగితం చదవగానే పెయింటరు మొహం మాడిపోయింది. తన ఇంటి గొడవ ఎవరో ఆయన చెవిన వేశారనుకున్నాడు. ఎవరూ వెయ్యలేదు. పాస్టరుగారు ఈ ఊరు వచ్చి రెండేళ్ళయినా కాలేదు.

గొడవ ఆరేళ్ళ నాటిది. అంతకు ముందు అన్నదమ్ములిద్దరూ ఒకే గోడ మీద బతికారు. తమ్ముడు, అంటే ఈ పెయింటరు, మోటు కుంచెతో అక్షరాల ఒళ్ళు నింపుకుంటూ పోయేవాడు. తలకట్లు మాత్రం వదిలేసేవాడు. అవి అన్న సొత్తు. పంక్తులన్నీ అయ్యాక అన్న సన్న కుంచె పట్టుకుని, ఓ కన్ను మూసి, చివరి నుంచి చివరి దాకా ఒక్క వాలులో తలలు పెట్టుకుంటూ వచ్చేవాడు. అప్పటిదాకా బద్దకంగా పడున్న అక్షరాలు లేచి నిలబడేవి. ఊరు వాళ్ళ అసలు పేర్లు మర్చిపోయి మోటుకుంచె, సన్నకుంచె అని పిలిచేది.

ఒకరోజు బడి గోడ మీద తమ్ముడి రంగు కారింది. పదిమంది ముందూ అన్న నోరు జారాడు.

“చెయ్యి అని రాసి చూడరా, ఒక్క తలకట్టయినా పడుతుందేమో. అక్షరాల్లో కూడా చేతికి తల లేదు. నీకెక్కణ్ణుంచి వస్తుంది?”

జనం గొల్లుమన్నారు. నిజానికి మంచి హాస్యమే. ఇంకెవరి మీదైనా వేసి ఉంటే తమ్ముడే అందరికన్నా ముందు నవ్వేవాడు. ఆ రోజు మాత్రం “ఇక నీతో నాకు పని లేదు” అని నిచ్చెన భుజానేసుకుని పోయాడు. ఆ మాటనే ఇప్పుడు జానెడేసి అక్షరాలతో రెండుసార్లు రాయాల్సి వచ్చింది.

రెండు పంక్తులూ పూర్తయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. మిగిలినవి పద్దెనిమిది తలలు. అన్నతో విడిపోయాక వాటినీ తనే పెడుతున్నాడు. అవి ఒకటి తూర్పు చూస్తే ఒకటి పడమర చూస్తాయి. ఇవాళ అదీ చేతనయ్యేలా లేదు.

గంట కొట్టే ఆయన పార భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఈ చర్చికి గంట ఆయనదే, గోతులూ ఆయనవే.

“ఇవాళ తలలు పెడతావా లేదా? గోడ నిండా మొండేలు. సాయంత్రం ఇటు రావాలంటే నా గుండె గుభేలుమంటోంది.”

“మరి నువ్వేం తవ్వొస్తున్నావు? ఎవరికి?”

“ఎవరికీ కాదు. వానలొస్తే మట్టి నిలవదు. ముందే ఒకటి తవ్వి ఉంచుకుంటాను. ఎవరో ఒకరు రాకపోరు కదా!”

ఇద్దరూ నవ్వారు. పెయింటరు నవ్వు ఎడమవైపు సాగింది గానీ కుడివైపుకు రాలేదు. గంట కొట్టే ఆయన అది చూసి, తన నవ్వు కూడా అక్కడికి ఆపేసి వెళ్ళిపోయాడు.

నాలుగవుతుండగా కూతురు టీ పట్టుకుని వచ్చింది. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. టీ పెదవి చివర నుంచి గడ్డం మీదికి కారింది. అతనికి ఆ సంగతి తెలియలేదు.

“నాన్నా, మూతి పక్కకి లాగుతోంది. లే, ఆస్పత్రికి పోదాం.”

“తలలు పెట్టాక.”

“ఆ చేత్తోనా?”

అతను చేతిని ఒడిలో దాచుకున్నాడు. కాసేపు గోడకేసి చూసి, “మీ పెదనాన్న ఇంట్లోనే ఉంటున్నాడా?” అన్నాడు.

“ఉంటున్నాడు. ఏం?”

“ఏం లేదు. ఇక్కడ తలలు పెట్టడానికి మనిషి లేడని చెప్పు.”

“రమ్మంటున్నావా?”

“అలా అని నేనన్నానా?”

“మరి ఏమని చెప్పను? మీ తమ్ముడు గోడ సంగతి కబురు పెట్టాడని చెప్పనా? ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? అలాగా అని తలుపేసుకుంటాడు.”

పెయింటరు నేల చూశాడు. ఆరేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట, బయటికొచ్చేసరికి చాలా చిన్నదిగా వినిపించింది.

“రమ్మన్నానని చెప్పమ్మా.”

కూతురు చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరుగెత్తింది. పెదనాన్నని ఇటు పంపి తను ఆటో తీసుకొస్తానని, కదలొద్దని వెళ్తూ వెళ్తూ అరిచింది.

అతను కదల్లేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నీడలు సమాధుల మీదుగా జరుగుతున్నాయి. కుడికాలు కూడా చేతికి జత చేరుతున్నట్టుంది. భయమేసింది. భయంలో పాస్టరుగారు గుర్తు రాలేదు, డాక్టరు గుర్తు రాలేదు, అన్న గుర్తొచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పలక మీద దిద్దారు. అన్న వెనక నుంచి వచ్చి, ఇతని పిడికిలిని తన పిడికిట్లో పెట్టుకుని ‘క’ రాయించేవాడు. ఆ వెచ్చదనం ఇప్పటికీ వేళ్ళకి తెలుసు. రానీ, వస్తే ముందు తనే పలకరిస్తాడు. కానీ రాగానే అన్న చూసేది చెయ్యి పడిపోయిన మనిషినైతే ఎలా? ఒక్క తలయినా పెట్టి చూపించాలి. రంగు తుడుచుకునే పేలికని పళ్ళతో పట్టుకుని చింపాడు.

అన్న వచ్చేసరికి అయిదు కావస్తోంది. రాగానే గోడ చూశాడు, మనిషిని చూడలేదు. అది అతని పాత అలవాటు. ‘కన్ను’లో క మీద ఒకే ఒక్క తలకట్టు ఉంది. అది పక్కకి ఒరిగి, మీద పడబోతున్నట్టుంది.

“ఏంట్రా అది? తలకట్టా, జారిపోయిన తలపాగానా?” అన్నాడు. ఎదురు మాట రాలేదు. ఇంకా కోపమే కాబోలనుకున్నాడు. “సరేలే. ఆ రోజు నోరు జారింది నేనే. అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. కబురు కోసం ఆరేళ్ళ నుంచీ గుమ్మంలోనే ఉన్నాన్రా. అదన్నా నమ్ము.”

తమ్ముడు గోడకి ఆనుకుని, గడ్డం ఛాతీ మీద పెట్టుకుని వింటున్నట్టే ఉన్నాడు. అన్న పక్కన కూర్చుని, కుంచె ఇలా తే అంటూ అందుకోబోయాడు. కుంచె రాలేదు. దానితో పాటు చెయ్యి లేచి వచ్చింది. కుంచెని చేతికి పేలికతో నాలుగు చుట్లు చుట్టి, ముడి పళ్ళతో బిగించి ఉంది. చెయ్యి చల్లగా ఉంది.

ఆటో వచ్చే వేళకి అన్న ఆ ముడి విప్పుతూనే ఉన్నాడు. కత్తిరిద్దామని గంట కొట్టే ఆయన అంటే ఒప్పుకోలేదు.

మూడోరోజు పొద్దున్నే అన్న వచ్చి మిగిలిన పదిహేడు తలలూ పెట్టాడు. అన్నీ ఒకే వాలులో ఉన్నాయి. ఆ మొదటిది కూడా సరిచెయ్యండి, కంటికి అడ్డంగా ఉంది అన్నారు పాస్టరుగారు.

“అది వాడు పెట్టిందండీ” అన్నాడు అన్న.

అతను వెళ్ళిపోయాక, ఆ గోడ కిటికీ అంచు మీద ఆ రోజు విప్పిన పేలిక మిగిలింది. నల్లరంగుకి బిగుసుకుపోయి, లోపల నాలుగు వేళ్ళు ఇంకా ఉన్నట్టే గుండ్రంగా ఉంది.