బండి తన కాళ్ళ మీద నిలబడ్డాక

పెరట్లోకి గెడ్డ వచ్చేసింది. ఎప్పుడొచ్చిందో నూకరత్నానికి తెలీదు గానీ, బట్టలారేసే తీగ కింద నుంచి వాగు నీళ్ళు గలగలా పారుతున్నాయి, ఆ నీళ్ళ మధ్య రాళ్ళ దొంతర్ల మీద చక్రాలు లేకుండా బండి నిలబడి ఉంది, బండి కింద నుంచి రెండు పాదాలు బయటికి చాచి ఉన్నాయి. మడమలు పగిలిన ఆ పాదాలు ఎవరివో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొగుడు లోవరాజు పోయి నెల తిరగలేదు, ఆ సంగతి ఆమెకి బాగానే గుర్తుంది, కాకపోతే పోయినవాడివి కదా నీకిక్కడేం పని అని మొహం మీదే అడిగితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకుంటుంది.

"వచ్చీసేవేటి బావా?" అంటుంది.

"ఎక్కడికెళ్ళేనని రాడానికి?" బండి కింద నుంచే అంటాడు లోవరాజు. "టీ తెస్తానని లోపలికెళ్ళి ఇంతసేపేటే నువ్వు?"

అదీ నిజమే. ఆ రోజు పని మధ్యలో టీ అడిగి, అది వచ్చేలోపే అరుగు మీద కూలబడి, గుండె పట్టుకుని వెళ్ళిపోయాడు మనిషి. ఆ గ్లాసు ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది, టీ మీద మీగడ కట్టేసింది. ఇద్దామని వంగుతుంది. వంగినకొద్దీ బండి ఇంకాస్త పైకి లేస్తుంది, పాదాలు ఇంకాస్త దూరం జరుగుతాయి, గ్లాసు మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోతుంది.

అది వేలంలో తెచ్చిన పాత ట్రక్కు. వయసులో నాకంటే పెద్దది, నమస్కారం పెట్టి ఎక్కాలి అని లోవరాజే వేళాకోళం ఆడేవాడు. నూకరత్నం చెల్లెలు పైడితల్లిని కొండ మీద ఊరికిచ్చారు. తొలి కాన్పుకి ఆ పిల్లని డోలీ కట్టి మోసుకొస్తుంటే దారిలోనే బిడ్డ పోయాడు. రెండో కాన్పు వేళకి గెడ్డ రాళ్ళ మీదుగా ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్ళే బండి తయారుచేస్తానని లోవరాజు పట్టుబట్టాడు. బరువు మోసే కమాన్ కట్టల్లో అదనంగా పట్టీలు వేసి బండిని ఎత్తు చేశాడు, లోతైన గళ్ళున్న పెద్ద టైర్లు ఎక్కడెక్కడో తిరిగి సంపాదించాడు, ఇంజను నీళ్ళు తాగకుండా గాలి గొట్టాన్ని పైకప్పు దాకా నిలబెట్టాడు. వీధిలో వాళ్ళు దానికి ఏనుగు అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు, వాళ్ళ చెల్లెళ్ళెవరూ డోలీలో రావడం లేదు కదా.

అతనికో పద్ధతి ఉంది. బండి రాళ్ళ మీద ఉన్నంతకాలం కమాన్ నట్లేవీ బిగించడు, చేత్తో తిప్పి వదిలేస్తాడు. గాల్లో ఉండగా బిగిస్తే ఆనక బరువు దిగినప్పుడు లోపలి రబ్బర్లు మెలితిరిగి చిరిగిపోతాయట. బండి తన కాళ్ళ మీద నిలబడాలి, బరువంతా దిగాలి, అప్పుడు కిందకి దూరి ఒక్కొక్కటీ బిగించుకుంటూ రావాలి. ఈ పాఠం అన్నం తింటున్నా చెప్పేవాడు. మన పెళ్ళిలో మూడు ముళ్ళూ కూడా ఇలాగే వదులుగా వేసీసేవేటి బావా అని ఆమె దెప్పేది.

ఆ దెప్పిన మాట గుర్తొచ్చేసరికి గెడ్డలో నిలబడ్డ నూకరత్నానికి ఒళ్ళు చల్లబడుతుంది. ఈ బండి పొద్దున్నే వెళ్ళిపోయింది కదా. పైడితల్లికి నొప్పులు మొదలయ్యాయని కొండ మీంచి మనిషి నడిచొచ్చి కబురు చెబితే, మరిది వరహాలు ఉన్నపళాన చక్రాలు తొడిగి, రాళ్ళు లాగేసి, వేసుకుపోయాడు. నట్లన్నీ వాటి వాటి చోట్లే కనిపిస్తున్నాయి, అన్న పని ముగించే పోయాడని అతని నమ్మకం. చెప్పాల్సిన మనిషి ఈమె ఒక్కతే. మొగుడు పోయి నెలైనా కాని ఆడది ప్రయాణానికి ఎదురు రాకూడదు గనక తలుపు వెనకే నిలబడిపోయింది. ఏదో చెప్పాలని గొంతు దాకా వచ్చింది, ఏమిటో తట్టేలోపు బండి మలుపు తిరిగిపోయింది.

ఇప్పుడు అడగాలి. నోరు తెరుస్తుంది. "బావా, నీ చొక్కా మాసిపోయింది" అని వస్తుంది. అది కాదు. మళ్ళీ కూడదీసుకుంటుంది. "బావా, నల్లకోడిని అమ్మీసేను." తన నోరు తనకే లొంగకపోతే ఇక ఎవరి మీద పడి ఏడవాలి?

లోవరాజు జరుగుతూ బయటికొచ్చి లేచి కూర్చుంటాడు. మొహం సరిగ్గా కంటికి ఆనడం లేదు, చేతులకి గ్రీజు మాత్రం కనిపిస్తోంది. "ఏటలాగ వణికిపోతన్నావు?"

"నట్లు" అంటుంది ఎలాగో. "కమాన్ నట్లు బిగించేవా?"

"ఎలాగ బిగిస్తాను? బండి ఇంకా కాళ్ళ మీద నిలబడందే. దిగనీ, దిగేక చూద్దాం."

"దిగిపోయింది బావా. వరహాలు దింపీసేడు. పైడితల్లి కోసం కొండెక్కించీసేడు."

అతను నమ్మలేనట్టు చూస్తాడు. "నాతో ఒక్క మాట చెప్పకుండానేటి?"

"నీకెలాగ చెప్తారు బావా" అని నూకరత్నం భోరుమంటుంది, అడగకూడదనుకున్నది అలా బయటపడిపోయినందుకు సిగ్గు కూడా వేస్తుంది. లోవరాజు కోప్పడడు. తల గోక్కుంటాడు, టీ ఇంకా ఇవ్వలేదు అన్నట్టు గ్లాసుకేసి ఓసారి చూస్తాడు, తర్వాత లేచి నిలబడతాడు. "సరే, పెద్ద పానా అందియ్యి. దానికి తప్ప ఆ నట్లు వేరే దేనికీ లొంగవు."

పానా గోడకి వేలాడుతోంది. గోడ పెరటిదే, కానీ ఇప్పుడది కొండ దారి వెంట సాగిపోతోంది, దాని పక్కనే బండి కదులుతోంది, వెనక తొట్టిలో బొంత మీద పైడితల్లి రెండు చేతులా పొట్ట పట్టుకుని మూలుగుతోంది, వరహాలు వెనక్కి తిరక్కుండా నడుపుతున్నాడు. నూకరత్నం పానా పట్టుకుని లాగుతుంది. రాదు. గోడలోనే పుట్టి పెరిగినట్టు బిగుసుకుపోయింది. గ్లాసు పారేసి రెండు చేతులా లాగుతుంది, కాళ్ళు తన్నిపెట్టి లాగుతుంది. ఒక్కో రాయి మీద ఎగిరి పడుతున్న బండి కింద లోవరాజు వెల్లకిలా వేలాడుతూ నట్లని వేళ్ళతో అదిమి పట్టుకుని ఉన్నాడు. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి తిరుగుతోంది.

"వరహాలూ, ఆపు!" అని ఆమె అరుస్తుంది. అరుపు గెడ్డ నీళ్ళలో కొట్టుకుపోతుంది.

"వేళ్ళతో ఎంతసేపని పట్టుకోను రత్నం?" అంటున్నాడు లోవరాజు, విసుగు లేకుండా, అలసిపోయిన గొంతుతో. "తొరగా తే."

లాగుతూనే మెలకువ వచ్చింది.

అరుగు స్తంభానికి ఆనుకుని ఉంది. చెల్లెలికి నెలలు నిండాయని రాత్రంతా కొండ కబురు కోసం మేలుకున్న మనిషి, మధ్యాహ్నానికి అలాగే కునికిపోయింది. పెరట్లో నీళ్ళు లేవు. బండి లేదు. రాళ్ళ మధ్య ఆయిలు మరక ఎండకి మెరుస్తోంది. వరహాలుకి ఫోన్ చేసింది. అందుబాటులో లేరన్నారు. మళ్ళీ చేసింది. అదే మాట.

లేచి రేకుల సాయబాను కిందకి వెళ్ళింది. పొద్దున వరహాలు వాడిన జాకీ, చక్రాలు బిగించే పానా ఎక్కడివక్కడ కింద పడి ఉన్నాయి. పెద్ద పానా మేకుకి వేలాడుతోంది. దాని పిడి నుంచి గోడకి సాలీడు గూడు కట్టింది, గూడు మీద దుమ్ము పట్టి ఉంది.

చెయ్యి చాచి పానా పట్టుకుంది. ఈసారి అది తేలిగ్గానే వచ్చేసింది. గూడు తెగి ఆమె వేళ్ళకి చుట్టుకుంది.