తలుపు లేని యంత్రం

"వెల్లుల్లి ఒలిచిన చేతులతో ఆఫీసుకెళ్తే కొంపేం మునిగిపోదులే," అంటూ అత్తయ్య ఇంకో గుప్పెడు నా ముందు పోశారు. సాయంత్రం ఇంటికి రాగానే మా ఆయన ముక్కు చిట్లిస్తారు. "ల్యాబ్ వాసన. స్నానం చేసి వంట మొదలుపెట్టు." ల్యాబ్‌లో మా బాస్ దాన్నే తిరగేసి అంటారు, "వంటింటి వాసన మేడమ్" అని. మొత్తానికి నేను ఏ గుమ్మం ఎక్కినా అవతలి గుమ్మం వాసనే.

నా పని రెండు యంత్రాలకు కాపురం కుదర్చడం. మొదటిది లిక్విడ్ క్రోమటోగ్రఫీ. ద్రవంలో కలగాపులగమైనవాటిని విడదీసి వరసగా బయటికి పంపుతుంది. రెండోది మాస్ స్పెక్ట్రోమీటర్. అణువుల బరువు చూస్తుంది. మా దగ్గరున్న రకానికి తలుపంటూ లేదు. మామూలు గాలిలోనే అణువులకు విద్యుత్తు ఎక్కించి లోపలికి లాక్కుంటుంది. మొదటిది బిందెతో కుమ్మరిస్తే రెండోది చెంచాతో తాగుతుంది. మధ్యలో చీలిక గొట్టం పెట్టి, ఎక్కువైనదాన్ని పక్కకు మళ్ళించి, ఇద్దర్నీ దారికి తేవడానికి నాకు ఏడాది పట్టింది. కోడలిగా ఉన్న అనుభవం బాగా పనికొచ్చింది.

మందుల కంపెనీవాళ్ళు చూడ్డానికి వచ్చే రోజు బాస్ కొత్త కోటు వేసుకొచ్చారు. "వివరించడం నేను చూసుకుంటా. మీరు టీ సంగతి చూడండి మేడమ్, మీకు అలవాటేగా."

సరిగ్గా అప్పుడే రెండో యంత్రం తెర మీద, ఏమీ ఉండకూడని చోట, నిలువెత్తు గీత లేచింది. గాలిలోంచి ఏదో దూరుతోంది. అది పోకపోతే వచ్చినవాళ్ళు జోడింపే చెడ్డదంటారు. నా ఏడాది కూడా ఆ పక్క గొట్టంలోనే పోతుంది.

"పొద్దున ఏం వండొచ్చారు?" అన్నారు బాస్. గదిలో అందరూ నవ్వారు. నేను మోచేతుల దాకా కడుక్కుని, అప్పటికీ అనుమానం తీరక వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. అద్దం తలుపులోంచి చూస్తే గీత చెక్కు చెదరలేదు.

లోపలికొచ్చి, "సర్, ఒకసారి మీరు బయటికెళ్తారా?" అన్నాను.

"నేనా? నేను సెంటు కూడా కొట్టుకొచ్చాను."

"అందుకే సర్."

ఆయన వెళ్ళగానే గీత పడిపోయింది. నమ్మకం కుదరక తల లోపలికి పెట్టారు. లేచింది. తల తీశారు. పడింది.

అతిథులు వచ్చాక ఆయన అద్దం అవతల నిలబడి చేతులు తిప్పుతూనే ఉన్నారు. వివరించింది నేను. "ఈ రెంటినీ కలిపిందెవరు?" అని వాళ్ళలో పెద్దావిడ అడిగారు. "నేనే" అన్నాను. అంత చిన్న మాట ఇన్నాళ్ళూ ఎందుకంత బరువుగా ఉండేదో మరి. బయటికొచ్చేసరికి బాస్ కప్పుల్లోకి టీ వంపుతున్నారు. ఒక్క చుక్క ఒలకలేదు, మెచ్చుకోవాలి.

ఇంటికి రాగానే మా ఆయన, "అబ్బ, మళ్ళీ అదే వాసన. ఉల్లిపాయలు అక్కడ పెట్టాను, కాస్త..." అన్నారు.

బ్యాగు దించకుండానే కుర్చీ పట్టుకుని బయటికి నడిచాను.

"ఎక్కడికి?"

"ఈ ఇంట్లో ఏది ఎవరివల్ల నడుస్తోందో తెలియాలంటే ఒకళ్ళు బయటికెళ్ళి చూడాలండీ. వంటయ్యాక పిలవండి."

ఆయన సాయం కోసం వాళ్ళమ్మ వైపు చూశారు. అత్తయ్య ఒలుస్తున్న వెల్లుల్లి ఆయన చేతిలో పోసి, ఇంకో కుర్చీ ఎత్తుకున్నారు.

"ఉండమ్మాయ్, నేనూ వస్తున్నా. నన్ను ఎప్పుడూ ఎవరూ బయట పెట్టి చూళ్ళేదు."