కళ్ళద్దాల షాపు ముందు వంపు

మా వదినకి ఏదైనా అనుమానం వచ్చిందంటే అది తీరేదాకా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. ఫ్రిజ్ మధ్యాహ్నం పూటే ఎందుకు ఎక్కువ మోగుతుంది, పై వాటా ఆయన మెట్లు దిగుతూ మలుపు దగ్గర ఎందుకు ఆగుతాడు, ఇలాంటివన్నీ ఆవిడకి కావాలి. చూపు ఉన్నప్పుడూ ఇంతే. పోయాక ఇంకాస్త ముదిరింది. ఆవిడ బళ్ళో భూగోళం చెప్పే టీచరు. నేను ఆవిడ ఆడపడుచుని. ఓపిక తక్కువ, నోరు ఎక్కువ అని మా అన్నయ్య నాకిచ్చిన బిరుదు.

సెలవులయ్యాక బడి తెరిచే రోజుకి వదిన మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. లేకపోతే ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని హెడ్మిస్ట్రెస్ మర్యాదగానే చెప్పింది. పాఠం చెప్పడం గురించి వదినకి బెంగ లేదు. సముద్రాలూ పర్వతాలూ ఆవిడ నోట్లోనే ఉన్నాయి. బెంగంతా ఇంటి నుంచి బడి దాకా ఉన్న వీధి గురించే.

"చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే పిల్లలు నన్ను టీచర్లా చూడరు, పేషెంటులా చూస్తారు. నా అంతట నేను నడిచి వెళ్ళాలి. వెళ్ళలేకపోతే ఇంట్లోనే ఉంటా," అంది.

అన్నయ్య బతిమాలాడు. నేను గొడవ పడ్డాను. మొండితనంలో ఆవిడ ముందు నేను ఎందుకూ పనికిరానని ఆ రోజే తెలిసింది.

మా వీధి ఫుట్‌పాత్ మధ్యలో పసుపు పలకల వరస ఒకటి ఉంది. వేసిన కొత్తలో అది అందం కోసమేనని వీధి వీధంతా అనుకుంది, నాతో సహా. నిజానికి అది చూపు లేనివాళ్ళు కాళ్ళతో చదువుకునే దారి. గీతలున్న పలకల మీద ముందుకు నడవాలి, బుడిపెలున్న పలక తగిలితే ఆగాలి. తెల్ల కర్ర పట్టడం నేర్పిన మాస్టారు ఈ సంగతి చెప్పిన రోజు వదిన మొహం వెలిగిపోయింది.

"ఇన్నాళ్ళూ నా కోసం రోడ్డు మీద రాసిపెట్టి ఉంచారన్నమాట. చదవడమే ఆలస్యం," అంది.

రాసిపెట్టారు గానీ, రాసినదాని మీద వీధివాళ్ళంతా సామాన్లు పెట్టుకున్నారు. ఒకచోట టైర్లు, ఒకచోట అమ్మకానికి పెట్టిన కుర్చీలు, ఇంకోచోట బోర్డు. నేను పనిచేసే మందుల షాపు ఆ వీధిలోనే కాబట్టి ఎవరి దగ్గర గొంతు తగ్గించాలో, ఎవరి దగ్గర పెంచాలో నాకు బాగా తెలుసు. ఒకళ్ళని బతిమాలాను, ఒకళ్ళని దులిపేశాను. టైర్ల ఆయనకి, నీ కూతురికి ప్రపంచ పటం గీయడం నేర్పింది మా వదినేనని గుర్తుచేశాను. ఆయన నాలుక కరుచుకుని టైర్లన్నీ లోపలికి దొర్లించుకున్నాడు. జనం చెడ్డవాళ్ళేం కాదు. ఎవరో ఒకరు మొహం మీద చెప్పేదాకా తోచదంతే.

చివరికి ఒక్క చోటు మిగిలిపోయింది. అక్కడిదాకా బుద్ధిగా వచ్చిన గీత, కళ్ళద్దాల షాపు ముందు ఉన్నట్టుండి రోడ్డు వైపుకి వంగుతుంది. ఫుట్‌పాత్ అంచు పట్టుకుని కాస్త దూరం పోయి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు మధ్యలోకి వచ్చేస్తుంది. ఆ అంచునేమో బళ్ళు నిలబెడతారు. మొదటిసారి నడిచి చూసిన రోజు వదిన కర్ర ఒక బండి చక్రానికి తగిలింది. పక్కకి తప్పుకోబోతే కాలు రోడ్డు మీద పడింది. కారు ఒకటి కీచుమంటూ ఆగింది. డ్రైవరు నన్ను తిట్టాడు, నేను అంతకు రెట్టింపు తిట్టాను. వదిన నా భుజం పట్టుకుంది.

"ఇక్కడ గీత ఎందుకు వంగింది?"

"ప్రాణం పోయేది వదినా, ఇప్పుడా అడిగేది?"

"అందుకే అడుగుతున్నా. వంపు లోపల ఏముందో చూసి చెప్పు. స్తంభమా, చెట్టా?"

చూశాను. ఏమీ లేదు. కళ్ళద్దాల షాపు మెట్ల ముందు శుభ్రంగా ఊడ్చిన ఖాళీ నేల. దేన్ని చూసి భయపడి గీత పక్కకి తప్పుకుందో నాకు అంతుబట్టలేదు.

మర్నాడు నగరపాలక కార్యాలయంలో ఇంజనీరు దగ్గరికి వెళ్ళాం. ఫైళ్ళతో కుర్చీలు నిండిపోయి ఉన్నాయి. ఆయనే లేచి ఒకటి ఖాళీ చేసి వదినని కూర్చోమన్నాడు. అంతా విన్నాడు.

"వంగిందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది మేడమ్. కింద కేబుల్ ఉందో, పైపు ఉందో. తెలుసుకోకుండా తవ్విస్తే రేపు నా మెడకి చుట్టుకుంటుంది. కారణం తేలితే చెప్పండి, ఒక్క పూటలో తిన్నగా వేయిస్తా."

"తేల్చాల్సింది మీరా, మేమా?" అన్నాను.

వదిన నా చెయ్యి గిల్లింది. బయటికొచ్చాక ఆయన మీద నేను విరుచుకుపడుతుంటే ఆవిడ వినిపించుకోలేదు. "న్యాయమైన ప్రశ్నే అడిగాడు. నాకూ అదే కావాలి," అంది. మొహంలో భయం పోయి పరీక్షకి తయారయ్యే పిల్ల కళ వచ్చింది. చాలా కాలానికి ఆ కళ చూసి నాకు మనసులో సంతోషంగానే ఉంది, పైకి మాత్రం సణిగాను.

వీధిలో అడిగితే నోటికో మాట. కింద పాత బావి ఉందని టైర్ల ఆయన. పెద్ద కరెంటు తీగ ఉందని కుర్చీల షాపు ఆవిడ. ఎవరిదో విగ్రహం పెడదామని చోటు వదిలారని మా మందుల షాపు యజమాని. ముగ్గురూ కళ్ళారా చూసినట్టే చెప్పారు, ముగ్గురూ చూడలేదు.

వదిన ఇక ఎవరినీ అడగలేదు. కర్ర నాకిచ్చి, పట్టపగలు అంతమంది తిరుగుతుండగా ఫుట్‌పాత్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పలకల అంచులు వేళ్ళతో తడుముతూ పోయింది. దారినపోయేవాళ్ళు ఏదైనా పోయిందా అని అడుగుతుంటే సమాధానం చెప్పలేక చచ్చాను. కళ్ళద్దాల ఆయన ఆవిడని గుర్తుపట్టి లోపల్నుంచి స్టూలు తెచ్చాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన స్టూలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇటు చెయ్యి పెట్టు," అంది వదిన. "దారంతా పలకల అంచులు నున్నగా ఉన్నాయి. వంపు దగ్గర మాత్రం చేత్తో విరిచినట్టు గరుగ్గా ఉన్నాయి. ప్లానులో ఉన్న వంపయితే ముక్కలు ముందే కుదురుగా కోసి తెచ్చుకునేవాళ్ళు. ఇది అప్పటికప్పుడు అనుకున్న వంపు."

"అయితే?"

"నదుల పాఠంలో పిల్లలకి చెప్తుంటా. నది వంపు తిరిగిన చోట ఏదో గట్టిది అడ్డం ఉండుంటుంది, వెతకండి అని. ఇక్కడ పైనే ఏదో అడ్డం ఉంది. కింద కాదు. పలకలు వేసినప్పుడు ఉంది, ఇప్పుడు లేదు. ఏంటది?"

ఆ పలకలు వేసిన మేస్త్రీని పట్టుకోవడం నా వంతయింది. ఇంజనీరుకి ఫోను చేసి కాంట్రాక్టరు నంబరు, కాంట్రాక్టరుకి చేసి మేస్త్రీ ఆచూకీ సంపాదించాను. పక్క పేటలో కడుతున్న ఇంట్లో స్నానాల గదికి పలకలు వేస్తున్నాడు. తడి సిమెంటు వాసనలో గొంతుక్కూర్చుని, రబ్బరు సుత్తితో పలక మీద మెల్లగా కొట్టి, చెవి ఒగ్గి చప్పుడు వింటున్నాడు. వదిన గుమ్మంలోనే ఆగి కాసేపు తనూ ఆ చప్పుడే విన్నది. నేను వచ్చిన పని చెప్పాను.

మేస్త్రీ సిగ్గుపడుతూ నవ్వాడు. "ఆ వంపా? ఇన్నేళ్ళకి ఎవరైనా అడుగుతారనుకోలేదమ్మా. అక్కడేం లేదు. ఒక స్కూటరు."

"స్కూటరా?"

"సరిగ్గా గీత పడాల్సిన చోట పెట్టి తాళం వేసి పోయారు. ఎత్తి పక్కన పెడదామంటే వెనక సీటు మీద గ్లోబు ఉంది, తాళ్ళతో కట్టి. పడితే పగిలిపోద్దని భయం. సరే, వస్తారులే అని కూర్చున్నాం. మావాళ్ళు ఆ గ్లోబు మీద మన ఊరు ఎక్కడుందో వెతుక్కున్నారు, దొరకలేదు. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా చూశాం, చుట్టుపక్కల అడిగినా ఎవరిదో తెలీదన్నారు, ఎవరూ రాలేదు. పని అయిపోవాలని కాంట్రాక్టరు ఒకటే ఫోన్లు. ఇంకేం చేస్తాం, బండి చుట్టూ తిప్పి వేసేశాం. తర్వాత సరిచేద్దామనుకున్నా గానీ, ఆ పని ముగిసిందని మమ్మల్ని వేరే చోటికి పంపేశారు."

నేను పగలబడి నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. తాడు ఒరుసుకుని సముద్రం మీద గీత పడిన గ్లోబు ఒకటి మా ఇంట్లో బీరువా మీద ఉంది.

వదిన గుమ్మం పట్టుకుని నిలబడింది. "మేస్త్రీ గారూ, ఆ రోజూ ఇదే సుత్తితో కొట్టారా?"

"ఇలాంటిదేనమ్మా. ఎందుకు?"

"ఏం లేదు," అంది.

వీధిలోకి వచ్చాక ఒక అరుగులాంటిది చూసి కూర్చోబెట్టాను. ఆవిడే చెప్పింది. బడికి గ్లోబు కొని తిరిగొస్తూ, నల్లబల్ల మీద అక్షరాలు మసగ్గా ఉంటున్నాయి కదా అని కళ్ళద్దాల షాపు ముందు ఆగింది. అద్దాలు రాసిస్తే తీసుకుని వెళ్ళిపోదామనుకుంది. ఆయన అద్దం మార్చి అద్దం పెట్టాడు. చివరికి పెట్టె మూసేసి, ఇది అద్దాలతో పోయేది కాదమ్మా, పెద్ద డాక్టరుకి చూపించండి అన్నాడు.

"ఆ స్టూలు మీద అలాగే ఉండిపోయా. లేస్తే అది నిజమైపోతుందనిపించింది. బయట ఎవరో టకటకా కొడుతూనే ఉన్నారు. ఆ చప్పుడు ఆపమనండి, తలనొప్పిగా ఉందని ఆయన మీద విసుక్కున్నా కూడా. చీకటి పడుతుంటే మీ అన్నయ్య టాక్సీలో వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు. బండీ గ్లోబూ మర్నాడెప్పుడో తెచ్చాడు. మళ్ళీ నేను వాటిని ముట్టుకోలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, ఆ రోజు ఎలా గడిచిందని నేను ఒక్కసారీ అడగలేదు. వదిన నా వీపు నిమురుతూ నవ్వింది. ఆ నవ్వులో తడి ఉంది.

"అడ్డం ఉన్న రాయి దొరికింది ఆడపడుచు గారూ. నేనే," అంది.

ఇంజనీరు గదిలో ఈసారి వదినే మాట్లాడింది. "కింద ఏమీ లేదు సార్. పైన నా స్కూటరు ఉంది, అంతే."

ఆయన అయోమయంగా చూశాడు. "ఇప్పుడు తీసేశారా మేడమ్?"

"ఎప్పుడో అమ్మేశాం," అన్నాను.

వదిన జరిగింది చెప్పింది. ఆయన నవ్వడం మొదలుపెట్టి మధ్యలో మానేశాడు. మా ముందే కాంట్రాక్టరుకి ఫోను చేశాడు. ఆ వారంలోనే మేస్త్రీ వచ్చి వంపు పీకేసి గీత తిన్నగా వేశాడు. అడుగున మట్టి తప్ప ఏమీ కనబడలేదు. బావి చూడ్డానికి వచ్చిన టైర్ల ఆయన చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

బడి తెరిచే రోజు వచ్చింది. వెనకాల రానని వదిన నా చేత ఒట్టు వేయించుకుంది. ఎదురు ఫుట్‌పాత్ మీద నడవనని మాత్రం నేను ఒట్టు వేయలేదు. ఆవిడ కర్ర ఆడిస్తూ టైర్ల షాపు దాటింది, కుర్చీల షాపు దాటింది. కళ్ళద్దాల షాపు దగ్గరికి వస్తుండగా చూశాను. కొత్త పలకల మీద, సరిగ్గా గీత మధ్యలో, ఎవరిదో స్కూటరు.

నా ఒళ్ళు మండిపోయింది. తిట్లు నాలుక మీద పెట్టుకుని రోడ్డు దాటాను. అప్పటికే కర్ర చక్రానికి తగిలింది. వదిన ఆగింది. ఈసారి పక్కకి తప్పుకోలేదు. చెయ్యి చాచి సీటు తడిమి, దాని మీదే చెయ్యి ఉంచి నిలబడింది. షాపులోంచి ఒకాయన కంగారుగా పరిగెత్తుకొచ్చాడు.

"ఒక్క నిమిషమే కదా అని పెట్టానండీ."

"లోపల ఏమన్నారు?" అంది వదిన.

"ఏంటండీ?"

"మీ కళ్ళ సంగతి. అద్దాలతో సరిపోతుందన్నారా?"

ఆయన తెల్ల కర్ర వంక చూశాడు. "సరిపోతుందన్నారండీ. పవరు కాస్త మారిందంతే."

"పోన్లెండి, మంచి మాట చెప్పారు," అంది వదిన. నిజంగానే సంతోషించింది. నాకు ఆ గొంతు తెలుసు. ఆ తర్వాత సీటు మీంచి చెయ్యి తీసేసింది. అప్పుడు వచ్చింది టీచరు గొంతు.

"ఇక బండి తియ్యండి. ఇది దారి. నేను బడికి వెళ్ళాలి."