నలభయ్యో పాఠం

పదిహేడో పాఠం తెరమీదికి రావడానికి కంప్యూటరు రెండు నిమిషాలు తీసుకుంది. ఈలోగా సీతారామయ్య కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తెరమీద రెండు పట్టీలు. పై పట్టీలో పాఠాలు చదివే నీహారిక గొంతు, పచ్చటి గడ్డిపరకల్లా లేచి పడుతోంది. కింది పట్టీలో ఆయన మృదంగం, ఒక్కో దెబ్బా ఒక్కో మేకులా నిలబడి ఉంది. కింది పట్టీని మౌసుతో ఈ చివరినుంచి ఆ చివరిదాకా పట్టి, డిలీట్ నొక్కాలి. నిజంగానే తీసెయ్యమంటారా అని కంప్యూటరు అడుగుతుంది. అవునని చెప్పాలి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదహారు సార్లు అవునని చెప్పాడు.

పదిహేడోసారి చెప్పాడు. మేకులన్నీ ఒక్కసారిగా మాయమై కింది పట్టీ చదునుగా మిగిలింది.

ఆ గది కిటికీలోంచి సైబర్ టవర్స్ గుండ్రటి గోడ సగం కనిపిస్తుంది. మిగతా అంతా బండలే. శ్యామ్ కంపెనీ ఆ వెనక వీధిలో ఒక ఇంటి పై అంతస్తులో ఉంది. ఇంగ్లీషు నేర్పే సీడీ తయారుచేద్దామని ఇద్దరూ కలిసి మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. కంప్యూటరు శ్యామ్‌ది, లయ సీతారామయ్యది. మొత్తం నలభై పాఠాల్లో ముప్ఫై తొమ్మిది పూర్తయ్యాయి. నిన్న బెంగుళూరు నుంచి సీడీ కొనేవాళ్లు వచ్చి విన్నారు. అంతా బాగుంది, ఆ డోలు మాత్రం తీసెయ్యండి అన్నారు.

పొద్దున్నే శ్యామ్ ఆ సంగతి చెప్పలేక చెప్పాడు. సంగీతం ఉండాలన్నారట, కాకపోతే కీబోర్డు సంగీతం. మృదంగమైతే పాతవాసన వేస్తోందట. ఆ దెబ్బలు అలంకారం కాదనీ, పాఠమే అదనీ సీతారామయ్య చెప్పాడు. శ్యామ్ తలూపాడు. తనకు తెలుసన్నాడు, వాళ్లకూ చెప్పి చూశానన్నాడు. సాయంత్రానికి మాస్టర్ సీడీ పంపాలన్నాడు. పాతవి ఎక్కడైనా దాచిపెట్టుకోవచ్చా అని అడిగితే హార్డ్ డిస్కులో చోటు లేదు, ఖాళీ సీడీలు రెండే ఉన్నాయి అన్నాడు. ఇంతకీ ఆ పట్టీలు ఏవి ఎక్కడున్నాయో సీతారామయ్యకే తెలుసు కాబట్టి, తీసే పని కూడా ఆయన మీదే పడింది.

సీతారామయ్యది పిఠాపురం దగ్గర ఒక పల్లె. పదకొండో ఏట మృదంగం పట్టాడు. హైదరాబాదులో నీటిపారుదల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగా చేస్తూ, సాయంత్రాలు కచేరీల్లో పక్కవాద్యం వాయించేవాడు. కరపత్రాల్లో ఒక్కోసారి ఆయన పేరు వేసేవారు, ఒక్కోసారి మృదంగం అని మాత్రమే వేసేవారు. నలభై మూడో ఏట పదోన్నతి ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. మాట్లాడాడు. ఎదురుగా కూర్చున్న అధికారి నవ్వి, మీరు మాట్లాడుతున్నారా, టైపు కొడుతున్నారా అని అడిగాడు.

పదోన్నతి రాలేదు. ఆ మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. ఆ తరవాత రేడియోలో ఇంగ్లీషు వార్తలు వస్తుంటే, అర్థాన్ని పక్కనపెట్టి, తొడమీద తాళం వేస్తూ వినడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి సంగతి అందింది. మనం ప్రతి అక్షరానికీ దాని వాటా దానికిచ్చి మాట్లాడతాం. ఇంగ్లీషు అలా ఇవ్వదు. ఐ వాంట్ ఎ కప్ ఆఫ్ టీ అన్నప్పుడు వాంట్, కప్, టీ, ఈ మూడింటి మీదే దెబ్బ పడుతుంది. మిగతా మాటలు ఆ దెబ్బల సందుల్లోంచి జారిపోవాలి. జారకపోతే అది టైపు కొట్టడమే. ఈ సంగతి చెబుదామంటే వినేవాళ్లు లేరు. రిటైరయ్యాక అమీర్‌పేటలో మనవల వయసు పిల్లల మధ్య కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నాడు. ఈ వయసులో మీకిదేం పిచ్చండీ అని భార్య బాలాత్రిపురసుందరి నవ్వింది గాని, రోజూ మూసాపేట ఇంటినుంచి క్యారియరు కట్టి పంపింది. ఆ క్లాసులోనే శ్యామ్ పాఠం చెబుతూ పరిచయమయ్యాడు. అంతవరకూ ఆయన చెప్పింది పూర్తిగా విన్న మనిషి శ్యామ్ ఒక్కడే.

పదకొండు గంటలకు బయట ఈల వేశారు. బండలు పేల్చే వేళ. కంప్యూటరు ఆపకపోతే అదురుకు బిగుసుకుపోతుందని సీతారామయ్య గబగబా ఇరవై రెండో పాఠాన్ని భద్రపరిచాడు. పేలుడుకు కిటికీ అద్దాలు ఝల్లుమన్నాయి. టీ తెచ్చిన కొమురయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆఫీసు ఊడ్చి, టీలిచ్చి, తాళాలు వేసే మనిషి. వయసు యాభై దాటింది.

"ఏంది సార్, పొద్దుగాల్నించి చప్పుడు బందయింది?" అన్నాడు.

తీసేస్తున్నామని సీతారామయ్య చెప్పాడు. కొమురయ్య తలుపు బయట నిలబడి ఏడాదిగా వింటున్నాడు. ట్రే అంచుమీద వేళ్లతో మూడు దెబ్బలు కొట్టి, ఐ వాంటె కప్పఫ్ టీ అన్నాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. "గా చప్పుడుంటెనే నాకు సమజయితుండె సార్" అన్నాడు.

సీతారామయ్య లేచి పక్కగదిలోకి వెళ్లి శ్యామ్‌తో ఈ మాట చెప్పాడు. నిన్నటివాళ్లకు ఫోను చేసి ఇది చెప్పమన్నాడు. శ్యామ్ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాడు. కొమురయ్య సీడీ కొనడు కదండీ అన్నాడు. ఎగతాళిగా అనలేదు, విచారంగానే అన్నాడు. సీతారామయ్య మండిపడుతూ తన కుర్చీలోకి వచ్చి కూలబడ్డాడు.

తీసేసిన చోట కీబోర్డు పాటను అతికించాలి. ఒకే పాట, అన్ని పాఠాలకూ అదే. వేసి విన్నాడు. నీహారిక గొంతు తన నడక తను నడుస్తోంది, పాట ఇంకో దారిన పోతోంది. మృదంగం వింటూ చదివిన గొంతు కాబట్టి, మృదంగం పోయినా అడుగు మాత్రం పోలేదు. అది విని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కోపమే వచ్చింది. మధ్యాహ్నం క్యారియరు విప్పి, రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది. అవును. అవును.

నీహారిక రెండింటికి వచ్చింది. బాచుపల్లిలో ఒక స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది, ఇవాళ శనివారం, ఒంటిపూట బడి. నలభయ్యో పాఠం సెలవు తీసుకోవడం గురించి. అద్దం అవతల చిన్నగదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇటీజ్ టైమ్ ఫర్ మీ టు గో అని చదివింది. హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు. గొంతు చప్పగా వచ్చింది. మళ్లీ చదివింది. ఈసారి ప్రతి మాటా బరువుగా పడింది. మూడోసారి కరెంటు పోయి యూపీయెస్ కీచుమంది. ఏడోసారి బయట లారీ హారన్ కొట్టింది. పదకొండోసారి ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టేసింది.

"మాస్టారూ, నా వల్ల కావడం లేదు. మీరు వాయించండి. రికార్డు చెయ్యొద్దు. నా చెవుల్లో పడితే చాలు."

మృదంగం నెలరోజులుగా మూల గుడ్డకప్పి ఉంది. ఎడమ మూత మంద్రంగా పలకడానికి దానిమీద అద్దే రవ్వ లేదు. సీతారామయ్య అడగ్గానే కొమురయ్య ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గరికి వెళ్లి, ఉప్మా కోసం ఉంచిన బొంబాయి రవ్వ గుప్పెడు కాగితంలో పట్టుకొచ్చాడు. సీతారామయ్య నీళ్లు చిలకరించి రవ్వ పిసికి, మూత మధ్యలో అద్ది, వేలితో తట్టి చూశాడు. గుమ్మని పలికింది. ఎడమచేతి చిటికెనవేలు ఈమధ్య సరిగా వంగడం లేదు. అయినా కూర్చున్నాడు.

అద్దంలోంచి నీహారిక తలూపింది. టైమ్ మీద ఒక దెబ్బ, గో మీద ఒక దెబ్బ. మధ్యలో మూడు మాటలు ఊపిరి తీసినంతలో జారిపోయాయి. ఆమె గొంతు తెరమీద ఒక్క పట్టీగా లేచింది. పాఠం మొత్తం ఒకే విడతలో అయింది. మూడింటికి మళ్లీ బండలు పేల్చే ఈల వేసే లోపే అయింది.

శ్యామ్ వచ్చి, నిలబడే విని, ఎంతో తేలికపడ్డాడు. "చూశారా అండీ, మృదంగం లేకుండానే ఎంత చక్కగా వచ్చిందో."

"ఉందండీ" అంది నీహారిక. "మీకు వినపడలేదంతే."

శ్యామ్ అది పొగడ్త అనుకుని నవ్వాడు. ఏడాదిన్నర చెప్పింది ఇంకోసారి చెప్పే ఓపిక సీతారామయ్యకు లేదు.

అయిదింటికి మాస్టర్ సీడీ తయారైంది. దానిమీద శ్యామ్ స్కెచ్ పెన్నుతో తేదీ వేశాడు. తరవాత చెయ్యబోయే సీడీలన్నీ కీబోర్డుతోనేననీ, అవసరమైతే తప్పకుండా కబురు చేస్తాననీ చెప్పాడు. మెట్లదాకా వచ్చి, ఏమనుకోకండి అన్నాడు. ఏమీ అనుకోవడం లేదని సీతారామయ్య అబద్ధం చెప్పాడు. ఎడమ మూత మీది రవ్వను అప్పటికే గోటితో గీకి, ఎడమచేత్తో బల్ల అంచుకు అద్ది, మూతను గుడ్డతో తుడిచేశాడు. మృదంగాన్ని సంచిలో పెట్టి భుజానికెత్తుకున్నాడు. కొమురయ్య సంచి అందుకుని వీధి చివరిదాకా మోసి, కూకట్‌పల్లి వెళ్లే సెవెన్ సీటర్ ఆటోలో ఆయన ఒళ్లో పెట్టాడు.

"ఇగ రారా సార్?"

"రానయ్యా."

ఆటో కంకరలో ఎగిరెగిరి పడుతూ కదిలింది. సీతారామయ్య రెండు చేతులతో మృదంగాన్ని పొదివి పట్టుకున్నాడు. ఆఖరు సీటులో కుర్రాళ్లిద్దరు ఇంటర్వ్యూకు వెళ్లొస్తూ, ఏ ప్రశ్నకు ఏం చెప్పారో ఇంగ్లీషులో ఒకరికొకరు అప్పగించుకుంటున్నారు. ప్రతి అక్షరాన్నీ సమంగా, జాగ్రత్తగా పలుకుతున్నారు. ఆయన కాసేపు విన్నాడు. తరవాత తల బయటికి తిప్పుకున్నాడు.

సోమవారం పొద్దున కొమురయ్య గది ఊడవడానికి వచ్చాడు. కీబోర్డు పక్కన, బల్ల అంచుకు గీకిన రవ్వముద్ద అంటుకుని ఉంది. రెండురోజుల్లో ఎండి రాయిలా బిగిసింది. దానిమీద మూడు వేళ్ల గుర్తులు లోతుగా, నాలుగోది, చిటికెనవేలిది, కనపడీ కనపడకుండా.