కుట్టుమిషన్ పిన్నికి జవాబు

మైకన్నయ్య పాడ్‌కాస్ట్ ఒకసారి రుచి మరిగినవాళ్ళు మళ్ళీ వదలరు. ఆ కిటుకు కొత్తవాళ్ళకు నేర్పడానికి లైబ్రరీ పైగదిలో పాఠాలు కూడా మొదలుపెట్టాడు.

"శ్రోతల్ని చుట్టాల్ని చేసుకోండి. వరస కలిపి పిలవండి. వాళ్ళు పంపే వాయిస్ మెసేజ్‌లకి ఎపిసోడ్‌లో జవాబివ్వండి. ఇక జన్మలో మిమ్మల్ని వదలరు" అన్నాడు.

చెప్పనిది ఒకటుంది. ఆ మెసేజ్‌లు ఆయన వినడు. ఎవరెవరు పంపుతుంటారో చూసుకుని, నెలకు సరిపడా జవాబులు ఒకేసారి రికార్డు చేసి పడేస్తాడు. "విన్నాను బాబాయ్, భలే చెప్పారు." "విన్నాను పిన్నీ, కడుపుబ్బ నవ్వించారు." వాటిని ఎపిసోడ్‌లలో అతికించే పని భార్యది. "ఒక్కటైనా విని చెప్పండి" అని ఆవిడ పోరితే, "వాళ్ళకి కావలసింది నా నోట వాళ్ళ పేరు, అంతే" అనేవాడు. మహా తెలివైనవాడు మరి!

"ఒక మెసేజ్ వినిపించరా సార్?" అని అడిగింది ముందు వరసలో అమ్మాయి.

కుట్టుమిషన్ పిన్ని ఉండనే ఉంది. బట్టలు కుట్టుకుంటూ మొదటి ఎపిసోడ్ నుంచీ వింటున్న మనిషి. ఆ పేరు ఆయన పెట్టిందే. ఆవిడ తాజా మెసేజ్ నొక్కి, సౌండు పెంచి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"నాయనా, మీ బాబాయి పోయారని కిందటిసారి చెప్పాను కదా. కడుపుబ్బ నవ్వించానన్నావు. వేరేవాళ్ళ జవాబు నాకు మారిపోయి వచ్చి ఉంటుందిలే. మా అమ్మాయికి కోపమొచ్చింది, ఇక వినొద్దంది. నేను మానలేదు. ఇల్లు బోసిపోయింది, నీ గొంతు లేకపోతే తోచదు. ఉంటాను నాయనా."

మైకన్నయ్యకు తల కొట్టేసినట్టయింది. మీద వేసుకున్న కాలు కిందికి దించాడు.

"ఈవిడకి ఏం జవాబిచ్చారు సార్?" అంది ఆ అమ్మాయి. వెటకారం కాదు, రాసుకోవడానికే అడిగింది.

జవాబు వెళ్ళిపోయింది. పొద్దున్న ఎపిసోడ్‌లోనే వచ్చింది. "విన్నాను పిన్నీ, మీ మెసేజ్ వస్తే ఆ రోజంతా మాకు పండగే."

ఆయన లేచి మెట్ల మీదికి వచ్చాడు. పిన్నికి ఫోన్ చేశాడు. జవాబు మారిపోయిందని ఆవిడే దారి చూపించింది, ఆ ముక్క అనేస్తే గండం గడుస్తుంది. అలా అనాలనే చేశాడు కూడా. తీరా "నాయనా, నువ్వేనా? నాకు ఫోన్ చేశావా?" అని ఆవిడ పొంగిపోయేసరికి ఆ అబద్ధం నోట రాలేదు.

"పిన్నీ, జవాబేమీ మారిపోలేదు. మీ మెసేజ్ నేను వినలేదు. ఇవాళ్టి దాకా ఒక్కటీ వినలేదు."



"మరి ఇన్నాళ్ళూ నేను ఎవరికి చెప్పుకున్నాను నాయనా?" అంది ఆవిడ.