సుందరి సాక్ష్యం

మిరపకాయల తొడిమలు తీసిన చేతులు ఇంటికి వచ్చాకే అసలు మండుతాయి. సుందరి వాటికి పెరుగు రాసుకుని, ఆరేదాకా ఎంగిలి గిన్నెల ముందు పీట మీద కూర్చుంది. దగ్గు ఆగడం లేదు. ఆ ఘాటుకు దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు పాడవుతాయని నరసరావుపేట డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆ మాట చెబితే, మంచం మీద ఆదివారపు ప్రసంగం రాసుకుంటున్న భర్త జక్కయ్య తల ఎత్తలేదు.

"దేవుడి మీద భారం వెయ్యవే. పనికెల్లు. ఆయనే కాపాడతాడు."

మూడేళ్ల క్రితం పత్తి జిన్నింగు మిల్లులో పని మానేసి అతడు ఈపూరులో చిన్న క్రైస్తవ సంఘం పెట్టాడు. జీతం అడగకుండా, దేవుడు పంపినదానితో బతకడాన్ని విశ్వాస జీవితం అంటారు. పంపినది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో సంఘం ముందు దేవుడి మేళ్లు తలచుకునే సాక్ష్యంలో చెప్పే ఆనవాయితీ లేదు. "నా పొయ్యి ఒక్కపూటయినా ఆరలేదు, స్తోత్రం!" అని అతడు ప్రతివారం అంటాడు, సంఘం చప్పట్లు కొడుతుంది. మిర్చి గోడౌన్‌లో సుందరితోపాటు కూలికి కూర్చునే కృపామణి మాత్రం నవ్వుతుంది.

"ఏందమ్మా పాస్టరమ్మా, మీ ఆయన్ని పోషించే దేవుడు నా పక్కనే కూర్చుని తొడిమలు తీస్తా ఉందే!"

సుందరికి నవ్వు వచ్చేది కాదు. లోపం తనదేనని ఆమె నమ్మింది. డబ్బాలో బియ్యం అడుగంటితే గుండె దడదడలాడే మనిషికి విశ్వాసం ఎక్కడిది? పనికి బయలుదేరిన ప్రతి ఉదయమూ దేవుణ్ణి నమ్మనట్టే ఉండేది. బయలుదేరకపోతే పొయ్యి వెలగదు. ప్రార్థనలో ఏడుపు వస్తే ఆ చేతులతో కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు.

మరునాడు ఆదివారం ఆరాధనలో జక్కయ్య ఆమెను లేపాడు. "ఈరోజు పాస్టరమ్మ సాక్ష్యం చెప్పుద్ది. మనకే కొదవా లేదని చెప్పు, సుందరీ."

ఆమె లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. దగ్గు తగ్గేదాకా అందరూ ఎదురుచూశారు. అంతమంది తనకోసం ఆగడం ఆమె ఎరుగదు.

"కొదవ లేదు. దేవుడు ఈ చేతుల్లో కాసింత సత్తువ పెట్టాడు. దాంతోనే మమ్మల్ని మూడేళ్లు సాకాడు. ఇప్పుడది అయిపోయింది. రేపటినుంచి నేను తొడిమలు తియ్యను. అయ్యగారి మాదిరే నేనూ నమ్ముకుని కూర్చుంటా."

అలవాటుగా సంఘం "ఆమెన్" అంది. వెనక వరుసలో కృపామణి ఒక్కతే చప్పట్లు కొట్టింది.

ధైర్యం వచ్చి అన్న మాట కాదది, చేతకాక అన్నది. చేతకానప్పుడు దేవుడి ముందు నిలబడటం ఇంత తేలికని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెప్పులు వేసుకునేచోట జక్కయ్య పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మరి రేపు బియ్యం ఎట్టానే?"

ఈ మూడేళ్లలో ఆ ప్రశ్న అతడి నోటి నుంచి రావడం అదే మొదలు.  దానికి జవాబు వెతకవలసింది తానేనని సుందరికి అనిపించలేదు.